వెనకాల సౌదీ ఉంది

జెడ్డా నుంచి ఎర్రసముద్రం ఒడ్డు వెంట ఉత్తరానికి పోతే, రాబిగ్ పట్నం రాకముందే, ఇసుకను చదునుచేసి కట్టిన కొత్త ఊరొకటి తగులుతుంది. కింగ్ అబ్దుల్లా ఎకనామిక్ సిటీ. 2023 సెప్టెంబరు 27న లూసిడ్ అనే అమెరికన్ కంపెనీ ఆ ఊళ్లో ఎలక్ట్రిక్ కార్ల ఫ్యాక్టరీ తెరిచింది. సౌదీ గడ్డ మీద కార్ల ఫ్యాక్టరీ రావడం అదే మొదలు. అరిజోనాలో తయారైన కారును విడిభాగాలుగా ఓడలో తెచ్చి ఇక్కడ మళ్లీ బిగిస్తారు. ఏడాదికి 5,000 కార్లతో మొదలుపెట్టి, ముందుముందు 1,55,000 దాకా పోతామన్నారు. తరతరాలుగా చమురు అమ్మిన దేశం చమురు అక్కర్లేని బండికి తన గడ్డ మీద చోటిచ్చిన రోజది. సంబరం జరగాల్సిందే, జరిగింది కూడా.

ఆ రోజు నాస్‌డాక్‌లో లూసిడ్ షేరు ధర ఆరు డాలర్లు కూడా లేదు.

అంతకు రెండున్నరేళ్ల ముందు అదే షేరును జనం 58 డాలర్లు పోసి కొన్నారు. ఒక దశలో అది 64 కూడా దాటింది. ఫ్యాక్టరీ తెరిచిన రెండేళ్లకు రెండు డాలర్ల దాకా దిగిపోయింది. కొన్నవాళ్లలో వాల్ స్ట్రీట్ పెద్దలున్నారు, సౌదీ ప్రభుత్వం ఉంది, ఫోన్‌లో ఒక యాప్ తప్ప మరేమీ లేని మామూలు మనుషులున్నారు. నా దిగులు ఈ చివరివాళ్ల గురించి, వాళ్లలోనూ గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ల గురించి. వాళ్లను మోసగించింది కారు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ కథలో నన్ను ఎక్కువ కలచివేసేది అదే. కారు చాలా మంచి కారు.

ఆ కారు వెనక ఉన్న మనిషి పీటర్ రాలిన్‌సన్. వేల్స్‌లో పుట్టిన ఇంజనీరు. జాగ్వార్, లోటస్ కంపెనీల్లో చేయి తిరిగినవాడు. టెస్లాకు పేరు తెచ్చిన మోడల్ ఎస్ కారుకు ఛీఫ్ ఇంజనీరు ఆయనే. 2007లో అటీవా అన్న పేరుతో బ్యాటరీల పని కోసం పుట్టిన ఒక చిన్న కంపెనీలో 2013లో చేరాడు. 2016లో ఆ కంపెనీ లూసిడ్ అని పేరు మార్చుకుని, సొంత కారు చేస్తానంది. చేసింది. లూసిడ్ ఎయిర్ కారులో ఒక రకానికి ఒక్క ఛార్జితో 520 మైళ్లు, అంటే దాదాపు 837 కిలోమీటర్లు పోతుందని అమెరికా ప్రభుత్వ సంస్థే లెక్క కట్టింది. మన లెక్కలో చెప్పాలంటే రియాద్‌లో బయల్దేరి దమ్మామ్ వెళ్లి, ఆగకుండా మళ్లీ రియాద్ వచ్చేయొచ్చు. అప్పటికి అంత దూరం పోయే ఎలక్ట్రిక్ కారు మార్కెట్లో మరొకటి లేదు.

కానీ కారు గీయడం వేరు, దాన్ని వేల సంఖ్యలో చేయడం వేరు. ఫ్యాక్టరీకి డబ్బు కావాలి. 2018 నాటికి లూసిడ్ దగ్గర డబ్బు లేదు. అరిజోనాలోని కాసా గ్రాండేలో ఫ్యాక్టరీ కడతామని 2016లోనే చెప్పిన మాట మాటగానే ఉండిపోయింది.

సౌదీ ఈ కథలోకి వచ్చింది అప్పుడే. ఆ దేశపు పబ్లిక్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ 1971 నుంచీ ఉన్నదే. 2016లో విజన్ 2030 ప్రకటించాక చమురు తర్వాతి కాలానికి దారి వెతికే పని దాని భుజాన పడింది. 2018 వేసవికల్లా ఆ ఫండ్ టెస్లాలో అయిదు శాతానికి కాస్త తక్కువ వాటా కొనేసింది. ఆగస్టు 7న ఎలాన్ మస్క్ టెస్లాను షేర్‌మార్కెట్ నుంచి తీసేస్తానని, అందుకు డబ్బు ఖాయమైందని ఒక్క వాక్యం రాసి లోకాన్నంతా అల్లకల్లోలం చేశాడు. ఆయన మనసులో ఉన్న డబ్బు ఈ సౌదీ ఫండ్‌దే. అది జరగలేదు. సరిగ్గా మరుసటి నెలలో, సెప్టెంబరులో, అదే ఫండ్ లూసిడ్‌లో వంద కోట్ల డాలర్లకు పైగా పెడతానని ప్రకటించింది. 2019 ముగిసేసరికి తన దగ్గరున్న సుమారు 82 లక్షల టెస్లా షేర్లలో ఒక 39 వేలు తప్ప మిగిలినవన్నీ అమ్మేసింది. 2020లో టెస్లా షేరు ఎనిమిది రెట్లకు పైగా పెరిగింది.

ఇంత డబ్బు, ఇంతమంది సలహాదార్లు ఉన్న ఫండ్‌కే ఏది ఎప్పుడు అమ్మాలో తెలియలేదు. 2021 జనవరిలో ఇది ఎవరికీ గుర్తు రాలేదు. అప్పుడు అందరి నోటా ఒకటే మాట: లూసిడ్ రేపటి టెస్లా, వెనకాల సౌదీ ఉంది.

*

ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. 2021 ఫిబ్రవరిలో ఆ 58 డాలర్ల రేటు పెట్టినవాళ్లు కొన్నది లూసిడ్ షేరు కాదు. చర్చిల్ క్యాపిటల్ కార్ప్ ఫోర్ అనే కంపెనీ షేరు. ఈ చర్చిల్‌కు ఫ్యాక్టరీ లేదు, సరుకు లేదు, వ్యాపారం లేదు. మైకేల్ క్లైన్ అనే బ్యాంకింగ్ పెద్దమనిషి 2020 జులైలో షేరు పది డాలర్ల చొప్పున అమ్మి, 200 కోట్ల డాలర్లకు పైగా పోగుచేసి ఒక ఖాతాలో పెట్టాడు. ఏదో ఒక మంచి కంపెనీని వెతికి ఈ డబ్బుతో కలుపుతాను, అప్పుడు మీరు ఆ కంపెనీ వాటాదార్లవుతారు అన్నది ఒప్పందం. ఇలాంటివాటిని స్పాక్ అంటారు. ఒక్కో షేరు వెనక ఖాతాలో ఉన్నది పది డాలర్లు, అంతే.

2021 జనవరి 11న చర్చిల్, లూసిడ్ మాట్లాడుకుంటున్నాయన్న వార్త పొక్కింది. షేరు లేవడం మొదలైంది. రెండు కంపెనీలూ అవుననలేదు, కాదనలేదు. పది డాలర్ల షేరు ఇరవై అయింది, ముప్ఫై అయింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇంత అచ్చుగుద్దినట్టు సరిపోయిన సందర్భం నేను మరొకటి చూడలేదు. పెళ్లి కుదిరిందని ఎవరూ చెప్పలేదు. కారు ఒక్కటి కూడా కొనుగోలుదారు చేతికి రాలేదు. ఫిబ్రవరి 18న షేరు 58 డాలర్ల 5 సెంట్ల దగ్గర ముగిసింది. అంత ఎత్తులో అది ముగిసింది ఆ ఒక్కరోజే. మళ్లీ ఆ మెట్టు ఎక్కలేదు.

ఫిబ్రవరి 22, సోమవారం. మార్కెట్ ముగిశాక సంబంధం ఖాయమైందని ప్రకటించారు. ఆశపడ్డవాళ్లు గెలిచారు, వదంతి నిజమైంది. కానీ ప్రకటనలో ఇంకో రెండు సంగతులున్నాయి. ఒకటి, వసంతంలో వస్తాయనుకున్న కార్లు ఆ ఏడాది రెండో సగంలో వస్తాయి. రెండోది అంతకన్నా బరువైనది. ఈ ఒప్పందంలో 250 కోట్ల డాలర్లు కొత్తగా పెడుతున్న పెద్ద సంస్థలకు షేరు ఇస్తున్న ధర 15 డాలర్లు. సౌదీ ఫండ్ కూడా అందులో ఉంది. సామాన్యుడు అదే రోజు 57 పెట్టి కొన్నదాన్ని పెద్దలు 15కు తీసుకున్నారు. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. అంతా కాగితం మీద రాసే ఉంది. ఆ కాగితం బయటికొచ్చింది మాత్రం సామాన్యుడు కొన్నాక.

మరుసటి రోజు షేరు 35 డాలర్లకు పడిపోయింది. ఒక్కరోజులో 38 శాతం పైగా పోయింది.

న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదిన్నరకు మార్కెట్ తెరిస్తే, చలికాలంలో రియాద్‌లో సాయంత్రం అయిదున్నర. డ్యూటీ దిగే వేళ. అక్కడ మార్కెట్ మూసేసరికి ఇక్కడ అర్ధరాత్రి. గల్ఫ్‌లో ఒంటరిగా ఉండే మనిషికి అది రోజులో చేతికి మిగిలే సమయం. రూముకొచ్చి, స్నానం చేసి, వంట వంతు తనదైతే కూర పొయ్యి మీద పెట్టి, మంచం మీద కూర్చుని ఫోన్ తెరిచే సమయం. శుక్రవారం సౌదీలో సెలవు, రియాద్‌లోని బత్హా బజారంతా మనవాళ్లతో కిటకిటలాడుతుంది. న్యూయార్క్ మార్కెట్‌కు మాత్రం శుక్రవారం పనిదినమే. ఇంటికి ఫోన్ చేయాల్సిన వేళా, ధర చూడాల్సిన వేళా ఒకటే అయిపోతాయి. ఫిబ్రవరి 23 సాయంత్రం అలా ఫోన్ తెరిచి ఆ ఎర్ర అంకె చూసినవాడు కూర మాడిన వాసన వచ్చేదాకా లేచి ఉండడు.

లెక్క దగ్గరగా చూద్దాం. వంద షేర్లు 58 డాలర్ల చొప్పున 5,800 డాలర్లు. రియాల్‌ను 1986 నుంచీ డాలర్‌కు 3.75 దగ్గర కట్టేశారు కాబట్టి లెక్క తేలిక: 21,750 రియాళ్లు. మూడు వేల రియాళ్ల జీతగాడికి ఏడు నెలల పైచిలుకు సంపాదన. తిండి మానేసి, గది అద్దె మానేసి, ఇంటికి ఒక్క రియాల్ పంపకుండా ఉంటే ఏడు నెలలు.

*

జులైలో జరిగిన ఒక సంగతి నాకు మరీ మనసులో నిలిచిపోయింది. రెండు కంపెనీల కలయికకు వాటాదార్ల ఓటు కావాలి. 2021 జులై 22న ఓట్ల లెక్క చూస్తే ఒక తీర్మానానికి చాలినన్ని ఓట్లు పడలేదు. ఎవరో వ్యతిరేకించి కాదు. వాటాదార్లలో చిన్నవాళ్లు లెక్కకు మించి ఉన్నారు, వాళ్లలో చాలామంది ఓటే వేయలేదు. ఓటు అడుగుతూ పంపిన ఈమెయిళ్లు చెత్త మెయిళ్ల పెట్టెలో పడ్డాయన్నారు. రాలిన్‌సన్, క్లైన్ బతిమాలుకుని, సమావేశాన్ని ఒకరోజు పొడిగించి, 23న ఓట్లు రాబట్టారు. కంపెనీకి ఆ చిన్నవాళ్లతో నిజంగా అవసరం పడిన రోజు నాకు తెలిసి అదొక్కటే.

తర్వాత కొందరు చిన్న మదుపరులు కోర్టుకు వెళ్లారు. కార్లు ఎప్పుడొస్తాయన్నదాని మీద లూసిడ్ పెద్ద రాలిన్‌సన్ ముందుగా చెప్పిన మాటలు నమ్మి కొన్నాం, ఆ మాటలు నిజం కాలేదు, మా నష్టం ఇప్పించండి అన్నారు. 2024 ఆగస్టులో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు వాళ్ల దావా చెల్లదంది. కారణం ఒక్క ముక్కలో: మీరు అప్పుడు కొన్నది చర్చిల్ షేరు. లూసిడ్ షేరు కాదు. లూసిడ్ తన గురించి తాను చెప్పుకున్న మాటల మీద దావా వేసే అర్హత లూసిడ్ షేరు కొన్నవాళ్లకే ఉంటుంది.

చట్టం ప్రకారం ఆ తీర్పు సరైనదే కావచ్చు, దానితో పేచీ పెట్టుకునేంత చదువు నాకు లేదు. కానీ దాని అర్థం చూడండి. వాళ్లు లూసిడ్ అనుకునే కొన్నారు. ధర పెరిగింది లూసిడ్ పేరు మీదే. పడిపోయింది లూసిడ్ ప్రకటనతోనే. డబ్బు పోయాక మాత్రం నువ్వు కొన్నది లూసిడ్ కాదు అన్న జవాబొచ్చింది. ఇంతకన్నా ఒంటరితనం ఏముంటుంది?

*

2021 నవంబరులో కొద్దిరోజులు దీపం మళ్లీ పెద్దగా వెలిగింది. అక్టోబరు 30న మొదటి కార్లు కొన్నవాళ్ల చేతికొచ్చాయి. నవంబరు 15న మోటార్‌ట్రెండ్ పత్రిక లూసిడ్ ఎయిర్‌కు 2022 మేటి కారు బిరుదు ఇచ్చింది. మర్నాడు షేరు 55 డాలర్ల పైన ముగిసింది. కంపెనీ మొత్తం విలువ దాదాపు 9,000 కోట్ల డాలర్లు. 1903 నుంచీ కార్లు చేస్తున్న ఫోర్డ్ కంపెనీ విలువను దాటిపోయింది. ఆ ఏడాది మొత్తం మీద లూసిడ్ కొన్నవాళ్లకు అందించిన కార్లు 125.

నూట పాతిక కార్లు. మన పల్లెల్లో ఒక పెద్ద పెళ్లికి వచ్చే బండ్లు అంతకంటే తక్కువేమీ ఉండవు.

పడిపోవడం ఆ తర్వాత ఒక్కసారిగా కాదు, మెట్టు మెట్టుగా జరిగింది. 2022లో 20,000 కార్లు చేస్తామన్నారు. ఫిబ్రవరి చివర్లో 12 నుంచి 14 వేలన్నారు. కారణం అడిగితే చిప్పులు దొరకక కాదు, అద్దాలు, కారు లోపల పరిచే తివాచీలవంటి మామూలు సరుకులే సరిగ్గా రావడం లేదని రాలిన్‌సన్ చెప్పాడు. ప్రపంచంలోనే మేటి మోటారు చేసినవాడు తివాచీ దగ్గర ఆగిపోయాడు. ఆగస్టులో 6 నుంచి 7 వేలకు దించారు. చివరకు చేసినవి 7,180. చర్చిల్‌తో కలిసేటప్పుడు మదుపరులకు చూపించిన కాగితాల్లో 2024కు 90,000 కార్లని రాశారు. 2024లో తయారైనవి 9,029. ఆ ఏడాది కంపెనీ నికర నష్టం 270 కోట్ల డాలర్ల పైన. అమ్మకాల మీద వచ్చింది 81 కోట్ల లోపు.

ఇంత నష్టపోతూ కంపెనీ ఎలా బతికింది? వెనకాల సౌదీ ఉంది. ఆ మాట నిజమే. దానికి తిరుగులేదు. 2022 ఏప్రిల్‌లో సౌదీ ప్రభుత్వం పదేళ్లలో 50,000 కార్లు, కావాలంటే లక్ష దాకా కొంటానని ఒప్పుకుంది. ఫ్యాక్టరీకి పదిహేనేళ్లలో 340 కోట్ల డాలర్ల దాకా సాయం అన్నారు. 2022 చివర్లో ఫండ్ మళ్లీ డబ్బు పెట్టింది. 2023 మేలో 300 కోట్లు సేకరిస్తే అందులో 180 కోట్లు ఫండ్‌వే. 2024 మార్చిలో వంద కోట్లు. ఆగస్టులో నూట యాభై కోట్లు. అక్టోబరులో మళ్లీ. లూసిడ్‌లో సగానికి పైగా వాటా సౌదీదే. ఇంత నమ్మకంగా వెంట నిలిచిన పెట్టుబడిదారు చాలా ఎలక్ట్రిక్ బండ్ల కంపెనీలకు దొరకలేదు. లార్డ్స్‌టౌన్, ఫిస్కర్, కనూ, నికోలా ఒకటి తర్వాత ఒకటి దివాలా తీశాయి. లూసిడ్ నిలబడింది.

మరి షేరు ఎందుకు నిలబడలేదు? నలుగురన్నదమ్ముల ఉమ్మడి పొలం అనుకోండి. బోరు ఎండింది, అప్పు తీర్చాలి. ఊళ్లో ధనవంతుడు డబ్బిస్తానన్నాడు, బదులుగా పొలంలో వాటా రాయమన్నాడు. బోరు పడింది, మళ్లీ ఎండింది. మళ్లీ డబ్బు, మళ్లీ వాటా. పొలం పోలేదు, బీడు పడలేదు, ఊరంతా ధనవంతుణ్ని మెచ్చుకుంటుంది. కానీ చిన్న తమ్ముడి వాటా ఎకరం నుంచి అరెకరానికొచ్చింది. వాడి సంతకం ఎవరూ అడగలేదు. లూసిడ్‌లో జరిగింది ఇదే. 2021లో చర్చిల్‌తో కలిసేనాటికి షేర్లు 160 కోట్లు. 2024 ముగిసేసరికి 300 కోట్ల పైన. 2024 అక్టోబరులో 26 కోట్లకు పైగా కొత్త షేర్లు అమ్ముతున్నట్టు, ఫండ్ ఇంకో 37 కోట్ల పైన తీసుకుంటున్నట్టు ప్రకటించగానే ఒక్కరోజులో ధర 18 శాతం పడింది.

డబ్బు వచ్చిందన్న వార్తకు పడింది. వెనకాల సౌదీ ఉంది అనుకున్నవాళ్లకు ఆ మాటలో రెండో సగం కనబడింది అప్పుడే. సౌదీ ఉన్నది కంపెనీ వెనకాల. వాటాదారుడి వెనకాల కాదు. ఆ దేశానికి కావాల్సింది తన గడ్డ మీద ఒక ఫ్యాక్టరీ, తన పిల్లలకు ఒక కొత్త పని, చమురు లేని రేపటికి ఒక అడుగు. దానికోసం ఎన్నేళ్లయినా నష్టం భరించగలదు. ఏనుగు పడినా గుర్రమంత ఎత్తు. ఏడు నెలల జీతం పెట్టినవాడికి అంత ఎత్తు ఎక్కడిది? ఆ ఫండ్ తప్పు చేసిందని నేను అనను. అది తన దేశం పని తాను చేసింది. దాని ఓపికను మన భరోసాగా మనం చదువుకున్నాం.

2023 జనవరి 27న మిగిలిన వాటా కూడా సౌదీ కొనేస్తోందన్న వదంతికి షేరు ఒక దశలో దాదాపు రెట్టింపై, 43 శాతం లాభంతో ముగిసింది. ఆ కొనుగోలు జరగలేదు. అప్పుడైనా అమ్ముకుని బయటపడ్డవాళ్లు కొందరుంటారు. వాళ్ల నుంచి అప్పుడే కొన్నవాళ్లూ అంతమంది ఉండాలి కదా.

*

సౌదీలో ఇలాంటి పతనం కొత్త కాదు. అక్కడ యాభై దాటిన ఏ మనిషిని కదిపినా 2006 ఫిబ్రవరి చెబుతాడు. ఆ రోజుల్లో టీచర్లు, గుమస్తాలు, పింఛనుదార్లు అప్పు చేసి, కారు అమ్మి రియాద్ షేర్‌మార్కెట్లో పెట్టారు. ఫిబ్రవరి 25న తదావుల్ సూచీ 20,634కు చేరింది. ఏడాది ముగిసేసరికి 8,000 కిందికి దిగింది. విదేశాల నుంచి వచ్చి పనిచేసేవాళ్లకు అంతకుముందు అక్కడ నేరుగా షేర్లు కొనే వీలుండేది కాదు. ఆ వీలు ఇస్తున్నట్టు ప్రకటించింది 2006 మార్చిలో, సూచీ కూలడం మొదలైన కొద్దివారాలకే. ఇకామా, అంటే నివాస అనుమతి, చేతిలో ఉన్నవాడికి తలుపు తెరిచే వేళకు లోపల దూలాలు విరుగుతున్నాయి.

ఇప్పుడు ఏ తలుపూ అక్కర్లేదు, ఫోన్ చాలు. నాకు బాధ కలిగించేది డబ్బు పోవడం ఒక్కటే కాదు. గల్ఫ్‌కు పోయిన మనిషి ప్రతి రియాల్‌కూ ఇంటికి లెక్క చెబుతాడు. చెల్లెలి పెళ్లికి ఇంత, స్లాబుకు ఇంత, ఏజెంటు దగ్గర చేసిన అప్పుకు ఇంత. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప పల్లెల్లో ఎన్నో ఇళ్లు ఆ లెక్క మీదే లేచాయి. ఈ షేరు మాత్రం ఆ లెక్కలోకి రాదు. లాభం వచ్చాక చెబుదామనుకుంటాడు. తిరిగిరావడానికి రెండేళ్లు పడుతుందనుకున్నది ఒక్క ఏడాదిలో అయిపోతుందని చెప్పి ఇంట్లోవాళ్లను సంతోషపెట్టాలన్నదే ఆశ. అది దురాశ అని నేను అనలేను. బిడ్డ నడక మొదలుపెట్టడం వీడియోలో చూసిన మనిషి ఒక ఏడాది ముందు ఇంటికి చేరాలనుకుంటే దానికి దురాశ అన్న పేరు పెట్టడం న్యాయం కాదు.

2025 ఫిబ్రవరి 25న రాలిన్‌సన్ సీఈవో పదవి దిగిపోయినట్టు ప్రకటన వచ్చింది. జులైలో ఊబర్ తన డ్రైవరు లేని టాక్సీల కోసం లూసిడ్ కార్లు తీసుకుంటుందన్న ప్రకటనకు షేరు ఒక్కరోజులో 36 శాతం లేచి, మళ్లీ జారింది. ఆగస్టు చివరికి సుమారు రెండు డాలర్లు. ఇక పది షేర్లను కలిపి ఒకటి చేశారు. సెప్టెంబరు 2న మార్కెట్ తెరిచేసరికి ధర మీద ఇరవైకి దగ్గరగా అంకె కనబడింది. కొత్తగా చూసేవాడికి ఇది రెండు డాలర్ల షేరని అనిపించదు. పాత వాటాదారుడి ఖాతాలో మాత్రం వంద ఉన్నచోట పది ఉన్నాయి. 21,750 రియాళ్లు పెట్టిన చోట అప్పటి విలువ సుమారు 750 రియాళ్లు. ఆ 58 డాలర్లు మళ్లీ చూడాలంటే ఇప్పుడు కొత్త లెక్కలో షేరు 580 డాలర్లు కావాలి.

రాబిగ్ దగ్గర ఫ్యాక్టరీలో కార్లు బిగిస్తూనే ఉన్నారు. కారు ఇప్పటికీ మంచిదే.

ఈ రాత చదువుతున్నవాళ్లలో ఆ పది షేర్లు ఫోన్‌లో దాచుకుని, ఇంట్లో ఇంకా చెప్పనివాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క మాట. వాటిని ఉంచుతారో అమ్ముతారో మీ ఇష్టం, నేను చెప్పేవాణ్ని కాను. ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు సంగతి చెప్పేయండి. ఎన్నేళ్లుగానో మీ కష్టం మీద బతుకుతున్న మనుషులు, మీ నష్టం కూడా వింటారు.